ఐపీ నెంబరు 417

పందొమ్మిది వందల తొంభై రెండు ఆగస్టులో నేను సొంతంగా దుకాణం తెరిచిన నాడు నా చేతిలో ఉన్నవి ఇవి. రొక్కం ఇరవై రెండు వేలు. సెకండ్ హ్యాండ్ మోపెడ్ ఒకటి, దానికి వెనక టైరు మార్చాలి. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సందు చివర పదడుగుల వెడల్పు గది, అద్దె ఆరొందలు. పదకొండేళ్లు ఇంకొకరి బట్టల కొట్లో గుమాస్తాగా చేసినందుకు పామర్రు చుట్టుపక్కల నేత పని చేసే ముప్పై ఇళ్ల వాళ్ల పేర్లు, ఎవరి నేత గట్టిది, ఎవరు అంగుళానికి రెండు పోగులు తగ్గిస్తారు అన్న వివరం.

ఈ చివరిదాని విలువ ఎంతని ఆ రోజు ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. తర్వాత పన్నెండేళ్లు తిన్నది దాని మీదే.

నా పేరు నవాబ్. నవాబుగిరీ అంతా పేరులోనే ఉంది, పెట్టెలో లేదు అంటుంది మా ఆవిడ జహీదా.

వ్యాపారం పెద్ద చిక్కుగా ఉండేది కాదు. నూలు నేను కొనిచ్చేవాణ్ని. వాళ్లు తువ్వాళ్లు, లుంగీలు నేసి తెచ్చేవాళ్లు. మజూరీ లెక్కకట్టి ఇచ్చి, సరుకు గుడివాడ, ఉయ్యూరు, గన్నవరం షాపులకి అరువు మీద వేసేవాణ్ని. మజూరీ మొత్తం ఇంటికి పట్టుకెళ్తే ఖర్చైపోతుందని కొందరు వందో రెండొందలో నా దగ్గరే వదిలేవాళ్లు. "మీ దగ్గరే ఉండనీండి సాయిబు గారూ, కావాల్సినప్పుడు అడుగుతాం" అనేవాళ్లు. దీన్ని మేము అమానత్ అంటాం. దాచిపెట్టమని నమ్మి చేతిలో పెట్టిన సొమ్ము. వడ్డీ ఉండదు. అడిగిన రోజున ఇవ్వాలి.

ఆ సొమ్ము పెట్టెలో పెట్టి తాళం వేశానని చెప్పను. దానితో నూలు కొన్నాను. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అడిగిన రోజు అందుతున్నంత కాలం ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

రెండు వేల రెండులో ఊళ్లో ఒక సహకార బ్యాంకు తలుపులు మూసింది. పాసుబుక్కులు పట్టుకుని జనం వారాల తరబడి ఆ గేటు ముందు నిలబడ్డారు. దాని తర్వాత నా దగ్గరికి నేతవాళ్లే కాక ఇతరులూ రావడం మొదలైంది. మా సందు మొదట్లో ఇడ్లీలు వేసే దానమ్మ తొమ్మిది వేలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బ్యాంకు కన్నా నువ్వే నయం సాయిబూ. రోజూ కంటికి కనిపిస్తావు" అంది.

నాకు అప్పుడే వద్దనాల్సింది. నూలు ధర పెరుగుతోంది, రొక్కం అవసరం, తీసుకున్నాను. రెండు వేల మూడు ఆఖరుకి నలభై ఒక్క మందివి ఆరు లక్షల పన్నెండు వేలు నా దగ్గర పోగుపడ్డాయి. అందులో పెద్ద మొత్తం చౌడయ్యది, యాభై నాలుగు వేలు. చౌడయ్య, వెంకటరావమ్మ పామర్రు అవతల రెండు గుంట మగ్గాలు నేసేవాళ్లు. నేలలో గుంట తవ్వి అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం అది. వానాకాలం ఆ గుంటల్లో నీళ్లూరి రెండు నెలలు పని ఆగిపోతుంది. మెరక చేసి షెడ్డు వేసుకోవాలని ఏడేళ్లుగా కూడబెడుతున్నారు.

నాలో భయం ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. నా తువ్వాలు ముప్పై రెండు రూపాయలు. మర మగ్గం మీద నేసిన తువ్వాలు పందొమ్మిదికి అమ్ముతున్నారు. షాపులవాళ్లు అరవై రోజుల అరువుని తొంభై చేశారు. నమాజులో నిలబడితే రకాతులకి బదులు బాకీలు లెక్కపెట్టేవాణ్ని, ఎన్ని చదివానో మరిచి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. షట్టరు తాళం మూడుసార్లు లాగి చూసేవాణ్ని. అన్నం ముందు కూర్చుంటే ఎడమ చెయ్యి బరువెక్కేది. ఆ డిసెంబరులో పామర్రు దగ్గర ఒక ఊళ్లో నేత పనివాడు పురుగుల మందు తాగి చచ్చిపోయాడని పేపర్లో పడింది. నా మనిషి కాదు. అయినా ఆ పేపరు ముక్క చించి పుస్తకంలో పెట్టుకున్నాను, ఎందుకో తెలియదు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మా బజార్లో "ఐపీ పెట్టాడు" అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేశాడని. ఆ రెండక్షరాలు ఎవరూ గట్టిగా అనరు. టీ కొట్లో ఎవరైనా గొంతు తగ్గించి, "ఫలానావాడు ఐపీ అట" అంటే, విన్నవాడు టీ సగంలో వదిలేసి ఆ ఫలానావాడి దుకాణం వైపు పరిగెత్తుతాడు. ముందు చేరినవాడికి ఏదో ఒకటి దొరుకుతుంది. చివర చేరినవాడికి తాళం దొరుకుతుంది.

రెండు వేల నాలుగు జనవరిలో ఒక మంగళవారం పదింటికి దుకాణంలో బట్ట తాను కొలుస్తుంటే నాకు ఒళ్లంతా చెమట పట్టింది. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు అయింది. మా బావమరిది అష్ఫాక్ నా దగ్గరే గుమాస్తా. నన్ను ఆటోలో వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఈసీజీ తీశాడు.

"గుండెకి ఏం కాలేదు. కానీ రెండు రోజులు చూడాలి. ఓపీ కాదు, ఐపీ రాయించండి" అన్నాడు.

ఓపీ అంటే చూపించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఐపీ అంటే మంచం ఇచ్చి ఉంచుకునేవాళ్లు. అష్ఫాక్ కౌంటర్లో సంతకం పెట్టి కార్డు తెచ్చాడు. జహీదా వచ్చాక అతను దుకాణం కట్టేయడానికి వెళ్లాడు. షట్టరు సగం దించేసరికి ఫోను మోగింది. పామర్రు ఎస్టీడీ బూతు నుంచి చౌడయ్య. సరుకు రేపు తెమ్మంటారా అని అడగడానికి చేశాడు.

తర్వాత అష్ఫాక్‌ని పదిసార్లు అడిగి ఆ మాటలు వరసగా రాబట్టాను.

"సరుకు ఇప్పుడు తేవద్దండీ. బావ ఐపీ."

"ఐపీయా? ఎప్పుడండీ?"

"ఇందాకే. కాగితాల మీద నేనే సంతకం పెట్టాను."

"మరి మా డబ్బులు?"

"అవన్నీ తర్వాత. ముందు బావ బయటపడాలి కదా. రెండు రోజులు దుకాణం తెరవం."

ఇంతే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. బూతు బయట ఫోను కోసం నిలబడ్డవాళ్లు ఎందరో, చౌడయ్య మొహం చూసి వాళ్లు ఏం అడిగారో నాకు తెలియదు. సాయంత్రానికి పామర్రు బస్సులో ఆ మాట విజయవాడ వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అష్ఫాక్ మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బావా, దుకాణం ముందు జనం ఉన్నారు."

"ఎందుకు?"

"నువ్వు ఐపీ పెట్టావంటున్నారు."

నేను కార్డు వైపు చూశాను. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది, ఐ.పి. నెం. 417. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

పడుకునే లెక్క వేశాను. రొక్కం దుకాణంలో ముప్పై ఎనిమిది వేలు, బ్యాంకులో అరవై ఒక్క వేలు. సరుకు కొన్న ధరకి మూడు లక్షల తొంభై వేలు. షాపుల నుంచి రావాల్సింది నాలుగు లక్షల ఇరవై వేలు. మొత్తం తొమ్మిది లక్షల తొమ్మిది వేలు. ఇవ్వాల్సింది అమానత్ ఆరు లక్షల పన్నెండు, నూలు వ్యాపారికి లక్షా నలభై. అన్నీ పోను లక్షా యాభై ఏడు వేలు నాకు మిగలాలి. కాగితం మీద నేను బతికే ఉన్నాను.

"గన్నవరం తేజేశ్వర్ గారికి ఫోన్ చెయ్యి. డెబ్బై వేలు ఇవ్వాలి. ఈ రోజే కావాలని చెప్పు" అన్నాను.

ఆస్పత్రి కింద బూతు నుంచి ఫోన్ చేసి అష్ఫాక్ అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"ఇవ్వడట. ఐపీ పెట్టినవాడికి బాకీ కడితే అది లెక్కలోకి రాదట. రేపు కోర్టు మళ్లీ కట్టమంటే ఎవడు కడతాడు అంటున్నాడు."

అప్పుడు అసలు భయం వేసింది. నేను ఇవ్వాల్సినవాళ్లు ఈ రోజే వస్తారు. నాకు ఇవ్వాల్సినవాళ్లు ఈ మాట పట్టుకుని ఎన్నటికీ రారు. లేని దివాలా ఈ సాయంత్రానికి నిజం అవుతుంది, దానికి నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టక్కర్లేదు.

లేచి చొక్కా వేసుకున్నాను.

"ఎక్కడికండీ? డాక్టరు కదలొద్దన్నాడు" అంది జహీదా.

"ఇక్కడ పడుకుంటే ఇల్లు కదిలిపోతుంది."

"అయితే నేనూ వస్తాను. మళ్లీ పడిపోతే పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

దుకాణం ముందు నలభై మందికి పైనే ఉన్నారు. నాకు డబ్బు ఇవ్వనివాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. ఆటో దిగుతూనే ఆస్పత్రి కార్డు పైకెత్తి చూపించాను.

"ఐపీ అంటే ఇన్‌పేషెంటు బాబూ! ఆస్పత్రిలో చేరాను. కోర్టుకి కాదు. ఇదిగో చూడండి."

ఒకాయన కార్డు లాక్కుని చదివాడు. "అవును, నెంబరు కూడా వచ్చేసింది. నాలుగొందల పదిహేడు" అన్నాడు వెనక్కి తిరిగి.

"ఐపీ పెట్టేవాళ్లంతా ముందు ఆస్పత్రిలోనే చేరతారు సాయిబు గారూ" అన్నాడు ఇంకొకడు. "మా బ్యాంకు చైర్మన్‌కి కూడా గుండెనొప్పే వచ్చింది."

కొందరు నవ్వారు. చేతిలో ఉన్న ఒక్క రుజువూ నాకే ఎదురు తిరిగింది. వెనక ఎక్కడో "సాయిబుల్ని నమ్మితే ఇంతే" అని ఒక గొంతు వినిపించింది. పన్నెండేళ్లలో ఆ సందులో ఆ మాట నేను వినలేదు. జహీదా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే జెండా కట్టిన జీపులో సంజీవరావు వచ్చాడు. మా వార్డు నాయకుడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, ఎక్కడ పదిమంది గుమిగూడినా వాసన పట్టేవాడు. జనానికి నమస్కారం పెట్టి, నన్ను భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు. అష్ఫాక్ షట్టరు సగం దించాడు.

"భాయ్, ఐపీ నిజమా అబద్ధమా నాకనవసరం. బయట నలభై మంది నిజమనుకుంటున్నారు. నాకది చాలు" అన్నాడు కూర్చుంటూ.

"నిజం కాదండీ."

"అబద్ధమైతే ఇంకా మంచిది. రూపాయికి నలభై పైసలు ఇప్పిస్తాను, సెటిల్ చేద్దాం. బ్యాంకులో వేసినవాళ్లకి రూపాయికి అయిదు పైసలు కూడా రాలేదు. భయపడ్డవాళ్లకి నలభై పైసలంటే పండగ. కళ్లకద్దుకుని తీసుకుంటారు. మిగిలిన అరవైలో పది నాది. జీపుకి డీజిలు ఎవడూ ఊరికే పొయ్యడు కదా."

"నేను మొత్తం ఇవ్వగలనండీ, కొంచెం టైము ఇస్తే."

"టైము వాళ్లు ఇవ్వాలి, నేను కాదు. బయట ఒకడు ఏమన్నాడో విన్నావుగా. ఎలక్షన్ల ముందు అలాంటి మాట ఒకటి లేస్తే మధ్యాహ్నానికి రాయి పడుతుంది. రాయి షట్టరు మీద పడితే సరే, మీ ఇంటి మీద పడితే?" అన్నాడు. చాలా నెమ్మదిగా, నా మేలు కోరేవాడిలాగే అన్నాడు.

నిజం చెబుతాను. లెక్క వేశాను. ఆరు లక్షల పన్నెండు వేలకి నలభై పైసల చొప్పున రెండు లక్షల నలభై నాలుగు వేల ఎనిమిది వందలు. సంజీవరావుకి అరవై ఒక్క వేల రెండు వందలు. నాకు మిగిలేది మూడు లక్షల ఆరు వేలు. ఆ అంకె మనసులోకి వచ్చిన క్షణంలో నా గుండె మీద మోకాలు తీసేసినట్టు అయింది. నిన్నటి నుంచి పోని నొప్పి పోయింది. అది గమనించి నన్ను చూసి నేనే భయపడ్డాను.

"ముందు ఎవరో ఒకరు సంతకం పెడితే మిగిలినవాళ్లు వెనకే వస్తారు" అని సంజీవరావు షట్టరు కిందనుంచి వంగి, "చౌడయ్య ఎవరు? పెద్ద మొత్తం నీదేనటగా, రా" అని పిలిచాడు.

చౌడయ్య, వెంకటరావమ్మ లోపలికి వచ్చారు. చౌడయ్య గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. సంజీవరావు చెప్పింది విన్నాడు. యాభై నాలుగు వేలకి ఇరవై ఒక్క వేల ఆరు వందలు. తలూపి పెన్ను తీసుకున్నాడు.

"ఇదైనా ఇస్తున్నారు. మీరు కాబట్టి ఇస్తున్నారు సాయిబు గారూ" అన్నాడు నాకు దణ్ణం పెడుతూ.

వెంకటరావమ్మ అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఆయన సంతకం పెట్టడు. అన్నయ్య గారూ, మీరు ఒక్కసారి ఇటు రండి."

తానుల వెనక్కి తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "ఫోను చేసి వచ్చినప్పట్నించీ ఈయన అన్నం ముట్టలేదు. రాత్రంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నెయ్యలేదు, మాట్లాడలేదు. తెల్లారి ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ పట్టుకెళ్లి కాలవలో పారేశాను. ఇరవై ఒక్క వేలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తే నాకు ఏం మిగులుతుందో మీరే చెప్పండి."

నేను మంచివాణ్ని కాబట్టి మనసు మార్చుకున్నానని రాస్తే అది దొంగ లెక్క అవుతుంది. రెండు ఆలోచనలు వచ్చాయి. నలభై పైసలు ఇచ్చినవాడికి రేపు ఎవడు బట్ట నేస్తాడు అన్నది ఒకటి. ఈ మనిషికి ఏదన్నా అయితే ఆ సంగతి ఏ పద్దులో రాసుకోను అన్నది రెండోది. మొదటిది ఒక్కటే వచ్చుంటే ఏం చేసేవాణ్నో నాకు ఇప్పటికీ తెలియదు.

"సంజీవరావు గారూ, సెటిల్మెంటు వద్దండీ. అందరికీ మొత్తం ఇస్తాను."

అతను లేచి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "సరే. బయటవాళ్లతో నువ్వే మాట్లాడుకో. నా బాధ్యత లేదు" అని వెళ్లి జీపులో కూర్చున్నాడు. వెళ్లిపోలేదు, అక్కడే కూర్చున్నాడు.

షట్టరు పూర్తిగా ఎత్తించాను. అష్ఫాక్‌ని బ్యాంకుకి పంపాను. బల్ల వీధి అరుగు మీదికి జరిపి గట్టిగా చెప్పాను. "తక్కువ మొత్తం ఉన్నవాళ్లు ముందు రండి!"

ఇందులో జాలి లేదు, వ్యాపారం ఉంది. నలభై ఒక్క మందిలో పదహారు మందివి అయిదు వేల లోపు. వాళ్లందరికీ కలిపి ఇవ్వాల్సింది నలభై మూడు వేల నాలుగు వందలు. జనంలో తలలు తగ్గితే గోల తగ్గుతుంది. పైసా తగ్గకుండా పట్టుకెళ్తున్నవాణ్ని చూస్తే వెనకవాడి గుండె కాస్త కుదుటపడుతుంది. నోట్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను. నెమ్మదిగా ఇస్తే టైము గడుస్తుంది. జహీదా వాళ్ల చేత పుస్తకంలో వేలిముద్ర వేయించింది, సిరా తుడుచుకోవడానికి ఒక తువ్వాలు చింపి పెట్టింది. ఆ తువ్వాలు వెల కూడా నాకు మనసులో మెదిలింది.

దానమ్మ తన తొమ్మిది వేలు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

"నా డబ్బు నా నడుముకి ఉంటే నీ మీద కోపం ఉండదు సాయిబూ. రేపు వచ్చి ఇడ్లీ తిను. అరువు మాత్రం లేదు" అంది. జనం నవ్వారు. ఆ పూట అది మంచి నవ్వు.

ఒంటి గంటకి ఇరవై మంది వెళ్లిపోయారు. తొంభై తొమ్మిది వేలు అయిపోయాయి. పెట్టె లోపల చెక్క కనిపించింది. మూత వేసి దాని మీద మోచెయ్యి ఆనించాను, లోపల ఉన్నట్టుగా.

తర్వాత బట్ట ఎత్తాను. "కొన్న ధరకి ఇస్తాను, కావలసినవాళ్లు తీసుకోండి" అన్నాను. ఏడుగురు లక్షా పదివేల సరుకు ఎత్తుకెళ్లారు. పదముగ్గురు తేదీ వేసిన నోటు చాలన్నారు. అప్పటికి వాళ్లకి నా మీద నమ్మకం వచ్చిందో, ఎండ నెత్తికెక్కి విసుగొచ్చిందో చెప్పలేను. మూడు లక్షల నలభై తొమ్మిది వేలకి నోట్లు రాసిచ్చాను.

చివరికి అరుగు మీద చౌడయ్య, వెంకటరావమ్మ మిగిలారు.

"మా వంతు వచ్చేసరికి అయిపోయాయా?" అంది ఆమె.

"అయిపోయాయమ్మా. బట్ట తీసుకుంటారా?"

"మేం నేసిన బట్ట మేమే మోసుకెళ్లి ఎక్కడ అమ్ముకుంటాం?"

చౌడయ్య ఖాళీ పెట్టె వైపు చూస్తున్నాడు. తేదీ వేసిన నోటు అతనికి పనికిరాదు. ఈ రోజు చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి.

తేజేశ్వర్ గుర్తొచ్చాడు. ఐపీ పెట్టినవాడికి కట్టనన్నాడు. నేతపని చేసేవాళ్లకి కట్టడానికి ఏం అడ్డం? కాగితం తీసి రాశాను: "నాకు ఇవ్వాల్సిన డెబ్బై వేలు ఈ వెంకటరావమ్మ గారికి ఇస్తే నాకు ముట్టినట్టే." కింద సంతకం పెట్టి, అష్ఫాక్ చేత సాక్షి సంతకం పెట్టించాను.

"డెబ్బై వసూలు చేసుకుంటే మీ యాభై నాలుగు మీరు ఉంచుకోండి. పదహారు నాకు తెచ్చివ్వండి."

వెంకటరావమ్మ కాగితం తిప్పి చూసింది. "డెబ్బై మొత్తం మేం పట్టుకుపోతే?"

"పట్టుకుపోతే పోండి. చౌడయ్యని మాత్రం ఒక్కణ్ని వదలొద్దు."

ఆ మాట అంటున్నప్పుడు పదహారు వేలూ ఖర్చు కింద రాసేసుకున్నాను.

రెండు రోజులు ఏ కబురూ లేదు. ఫోను మోగినప్పుడల్లా పామర్రు నుంచి ఎవరైనా చావు కబురు చెబుతారేమోనని అష్ఫాక్ చేతే తీయించాను. మూడోనాడు పదకొండింటికి ఇద్దరూ దుకాణం మెట్లెక్కారు. వెంకటరావమ్మ పదహారు వేలు బల్ల మీద పెట్టింది.

"ఇచ్చాడా?" అన్నాను.

"మొదట కసిరాడు. నేను గట్టిగా ఒక్క మాటన్లేదు అన్నయ్య గారూ. కొట్టు మెట్టు మీద కూర్చున్నాం. వచ్చినవాళ్లు తువ్వాలు పట్టుకుని చూస్తుంటే అది మా నేతే, ఉతికితే ఇంకా గట్టిపడుతుందని చెప్పాను. రెండు రోజుల్లో పధ్నాలుగు తువ్వాళ్లు నేనే అమ్మిపెట్టాను. ఆయనకే సిగ్గేసినట్టుంది, తెచ్చి ఇచ్చేశాడు."

"అన్నం తిన్నావా చౌడయ్యా?" అని అడిగాను.

"తిన్నానండీ. గన్నవరంలో భోజనం బాగుంది" అన్నాడు. మూడు రోజుల తర్వాత నేను విన్న అతని మాట అది.

వెంకటరావమ్మ కదలకుండా నిలబడింది. "ఇంకో సంగతి. ఇకమీదట సరుకు నేరుగా తనకే వెయ్యమంటున్నాడు తేజేశ్వర్ గారు. నూలు కూడా తనే ఇస్తాడట. తువ్వాలుకి రూపాయి ఎక్కువ. సరే అన్నాం. మీకు చెప్పకుండా చేస్తే తప్పు."

ఆ కాగితం రాసిచ్చింది నేనే.

"షెడ్డు వేసుకోండి. వానల్లోపే" అన్నాను.

వాళ్లు వెళ్లాక మిగిలిన నేతవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు వేరే దారి చూసుకున్నారు. తిట్టి వెళ్లినవాళ్లు లేరు. నా దగ్గర పైసా ఆగిపోయినవాళ్లూ లేరు. అయినా ఒకసారి భయపడ్డ చోటుకి మనిషి మళ్లీ డబ్బు పట్టుకుని రాడు. నోట్లు తేదీకి చెల్లించడానికి మిగిలిన సరుకు రూపాయికి ఎనభై పైసల చొప్పున తెగనమ్మాను. షాపుల చుట్టూ తిరిగి రావాల్సిన దానిలో చాలావరకు రాబట్టాను. అరవై వేలు రానేలేదు. ఐపీ మాటని పట్టుకుని వేలాడినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సంజీవరావు ఆ ఏప్రిల్‌లో ఇల్లిల్లూ తిరుగుతూ, "సాయిబు మెడలు వంచి నలభై ఒక్క మందికి పైసా తగ్గకుండా ఇప్పించాను" అని చెప్పుకున్నాడు. రోజంతా జీపులో కూర్చున్నది అందరూ చూశారు కదా, నమ్మారు. మరుసటి ఏడాది కార్పొరేషన్ ఎన్నికల్లో తనే నిలబడి గెలిచాడు. అంతకు ముందు ఓట్లు అడగడానికి మా ఇంటికి వచ్చి, "నువ్వు కూడా నా మనిషివే కదా భాయ్" అన్నప్పుడు అవునన్నాను. జహీదా అతనికి ఓటు వెయ్యలేదు. నేను వేశాను. సగం దించిన షట్టరు వెనక అతను నెమ్మదిగా అన్న ఆ రాయి మాట నాకు ఓటు వేసే గదిలో కూడా వినిపించింది.

ఇక లెక్క. రొక్కం తొంభై తొమ్మిది వేలు. బట్ట రూపంలో ఇచ్చింది లక్షా పదివేలు. తెగనమ్మిన సరుకు మీద రెండు లక్షల ఇరవై నాలుగు వేలు. తేజేశ్వర్ దగ్గర వెంకటరావమ్మ వసూలు చేసింది డెబ్బై వేలు. మిగిలిన షాపుల నుంచి రెండు లక్షల తొంభై వేలు. మొత్తం ఏడు లక్షల తొంభై మూడు వేలు. ఇచ్చింది అమానత్ ఆరు లక్షల పన్నెండు వేలు, నూలు వ్యాపారికి లక్షా నలభై వేలు. ఆస్పత్రి బిల్లు ఆరు వేల ఎనిమిది వందలు.

మిగిలింది ముప్పై నాలుగు వేల రెండు వందలు. అందులో ఇంకొకరిది ఒక్క పైసా లేదు.